ఫారం లేని మార్పిడి

తెల్లాపూర్,
1 అక్టోబర్ 2011

ప్రియమైన భాస్కర్,

కాగితం మీద నీకు రాయడం ఇదే మొదటిసారి. అమీర్‌పేట హాస్టల్లో మూడేళ్లు ఒకే గదిలో ఉన్నవాళ్లకు ఉత్తరాలతో పనేముంటుంది? ఇప్పుడు నా ల్యాప్‌టాప్, ఫోన్ రెండూ ఆఫీసువాళ్లు తీసేసుకున్నారు. శ్రావణి ఫోన్ ఉంది గానీ, పెళ్లాం ఫోన్లోంచి ఇవన్నీ మాట్లాడాలంటే భయంగా ఉంది.

పోయిన నెల బంద్‌కు ముందు రోజు సాయంత్రం మా కంపెనీకి ఒక మెయిల్ వచ్చింది. 'రేపు తెరిస్తే మీ బిల్డింగుకు ఒక్క అద్దం మిగలదు' అని. కింద 'తెలంగాణ బిడ్డ' అని ఉంది. మర్నాడు బిల్డింగు మొత్తానికి తాళం వేశారు, కింద అంతస్తులో ఉన్న మీ ఇంటర్నెట్ కంపెనీ రూటర్ల కౌంటర్‌తో సహా. నేనూ హాయిగా నిద్రపోయాను, అబద్ధమెందుకు! తీరా ఆరా తీస్తే, ఆ మెయిల్ నా పేరు మీదున్న ఇంటర్నెట్ కనెక్షన్ నుంచే వెళ్లిందట.

"మీది జమ్మలమడుగు కదండీ? ఉద్యమాన్ని బద్నాం చేయాలని రాశారా?" అని హెచ్.ఆర్. మేడమ్ అడిగింది. రెండేళ్లుగా నాతో కలిసి అన్నం తిన్న వరంగల్ మధు ఇప్పుడు నా మొహం చూడడం లేదు. పద్దెనిమిదో తారీఖున విచారణ. అందాకా ఆఫీసుకు రావద్దన్నారు. తేలకపోతే ఉద్యోగం పోతుంది, పైగా పోలీసు కేసు.

పగలంతా రూటర్ల మధ్య ఉండేవాడివి, నీకు తెలిసింది నాకు తెలియదు. బయటివాళ్లెవరైనా నా వైఫై వాడుకుని ఉంటారా? ఎలా రుజువు చేయాలో చెప్పరా.

నీ
చెన్నకేశవులు


ప్రగతి నగర్,
5 అక్టోబర్ 2011

ప్రియమైన కేశవులుకు,

ఉత్తరం అందింది. బస్సులు లేవు. గచ్చిబౌలి దాకా కొంత నడక, దొరికితే షేర్ ఆటో. కాళ్లు పీకుతున్నాయి. సమ్మె మొదలైనప్పటి నుంచి ఇంట్లో కూర్చుని పని చేసేవాళ్లు పెరిగారు, అందరికీ పడకగదిలో సిగ్నల్ కావాలి. "ఏంది భాయ్, రెండు గోడలకే మీ డబ్బా సచ్చిపోతది?" అని పొద్దున్నే ఒకాయన మీద పడ్డాడు. సిగ్నల్ చాలకపోతే డబ్బా మార్చకూడదని కంపెనీ రూలు, పూర్తిగా పాడైతేనే మార్చాలి. పాత డబ్బా, అడాప్టర్, ఫారం మూడూ ఉండాలి. రోజంతా ఈ పాటే.

నీ విషయానికొస్తే, రూటర్ తాళాలు అంత గట్టివి కావు. పక్కింటివాళ్లెవరో పాస్‌వర్డ్ ఛేదించి ఉంటారని చెప్పు. నమ్ముతారు.

ఒక్కటి మాత్రం మరిచిపోకు. ఆగస్టులో నీ పాత రూటర్ తీసేసి నేను పెట్టిన మూడు యాంటెన్నాల దాని మాట ఎత్తకు. అది మా కౌంటర్లో టెస్టింగ్ కోసం ఉంచింది. నీ మీటింగులు ఆగిపోతున్నాయంటే ఫారం లేకుండా ఇచ్చాను. తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. శ్రావణిని అడిగానని చెప్పు.

నీ
భాస్కర్


తెల్లాపూర్,
9 అక్టోబర్ 2011

ప్రియమైన భాస్కర్,

హెచ్.ఆర్. మేడమ్‌కు నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. అదే పీకల మీదికి వచ్చింది. "అయితే ఆ రూటర్ తెచ్చి చూపించండి" అన్నారు. తీసుకెళ్లాను. దాని అడుగున ఉన్న నంబరు వేరు, మీ కంపెనీ రికార్డులో నా పేరు మీదున్న నంబరు వేరు. మెయిల్ పంపిన రూటర్ ఎక్కడో దాచేసి ఇంకోటి తెచ్చానంటున్నారు. "ఇది ఏ కస్టమర్ పేరు మీదా లేదు, మీకెవరిచ్చారు?" అని మూడుసార్లు అడిగారు. స్నేహితుడని మాత్రం అన్నాను.

పాతదాన్ని ఆ రోజు నువ్వే సంచిలో వేసుకుని వెళ్లావు కదా, మీ కంపెనీ స్టోర్‌లో ఇచ్చేసి ఉంటావు. ఇచ్చినట్టు ఒక్క కాగితం ముక్క దొరికితే చాలు, అది మా ఇంట్లో లేదని తేలిపోతుంది. మా మామ తిమ్మప్ప ఊరి నుంచి ఫోన్ చేసి శ్రావణి మీద కేకలేస్తున్నాడు: "ఈ గొడవల్లో యాడ ఇరుక్కున్యారు మీరు? మూటాముల్లె సర్దుకోని వచ్చేయండి!" ఆమె ఏడుస్తోంది. ఆలస్యం చేయకు.

నీ
కేశవులు


తెల్లాపూర్,
14 అక్టోబర్ 2011

ప్రియమైన భాస్కర్,

నీ జవాబు రాలేదు. నిన్న కౌంటర్‌కు వచ్చాను. సెలవు పెట్టావన్నారు.

నాకు అర్థమైందిలే. నీ పేరు ఎక్కడ బయటికి వస్తుందోనని భయపడుతున్నావు. భయపడకు. మంగళవారం విచారణలో వాళ్లు ఎంత గుచ్చి అడిగినా నీ పేరు చెప్పను. సిగ్నల్ లేదని నేను మొత్తుకుంటేనే కదా నువ్వు తెచ్చిచ్చావు. నాకు మంచి చేసి నువ్వెందుకు చెడాలి?

రాజీనామా ఇస్తే కేసు లేకుండా వదిలేస్తామంటున్నారు. ఇచ్చేద్దామనుకుంటున్నాను. చేయని పని చేయలేదని చెప్పీ చెప్పీ ప్రాణం విసిగింది. నువ్వు ఆరోగ్యం చూసుకో.

నీ
కేశవులు


తెల్లాపూర్, మీ గేటు దగ్గర,
17 అక్టోబర్ 2011

ప్రియమైన కేశవులుకు,

రాజీనామా ఇవ్వకు. ముందు ఇది పూర్తిగా చదువు.

నీ పాత రూటర్ స్టోర్‌కు వెళ్లలేదు. ఫారం లేనిదాన్ని అక్కడ ముట్టుకోరు. పారేయబుద్ధి కాలేదు. మా బిల్డింగుకు కంపెనీ లైను ఉంది, నా గదిలో తగిలించుకున్నాను. డబ్బా ఏ ఇంట్లో ఉన్నా, అది ఎవరి పేరు మీదుంటే కనెక్షన్ వాళ్లదే. అందుకే ఎవరికీ ఇవ్వొద్దని రోజూ ఇరవైమందికి చెప్తాను. ఆ సాయంత్రం నాకే గుర్తు రాలేదు.

ఆ మెయిల్ రాసింది నేనే.

ఉద్యమం కోసం రాశానంటే కాస్త గౌరవంగా ఉండేది. అదీ కాదు. మా ఊళ్లో మా అన్న సమ్మె టెంటు కింద కూర్చున్నాడు. నేను మాత్రం బంద్ రోజు కూడా అంత దూరం నడిచొచ్చి కౌంటర్ తెరవాలి. మీ కంపెనీ మూస్తే బిల్డింగుకు తాళం పడుతుంది, నాకు ఒక్క రోజు సెలవు దొరుకుతుంది. అంతకంటే ఏమీ ఆలోచించలేదు. అద్దాలు పగలగొట్టే ఓపిక నాకెక్కడిది? మర్నాడు పొద్దుగూకేదాకా పడుకున్నాను.

నీ మొదటి ఉత్తరం చదవగానే నాకు అంతా అర్థమైంది. అర్థమయ్యే, పక్కింటివాళ్ల మీదికి నెట్టమని రాశాను. సిగ్గుగా ఉంది. నువ్వు తిట్టి ఉంటే ఇంకొన్నాళ్లు దాక్కునేవాణ్నేమో. నా పేరు చెప్పనన్నావు చూడు, అది చదివాకే రూటర్ గోడ నుంచి పీకాను.

ఈ ఉదయం రూటర్ తీసుకుని మీ హెచ్.ఆర్. మేడమ్ దగ్గరికి వెళ్లాను. జరిగిందంతా రాసి సంతకం పెట్టాను. ఆమె రెండుసార్లు చదివి, "ఒక్క రోజు సెలవు కోసమా?" అంది. "ఔ మేడమ్, మస్తు అలసిపోయిన" అన్నాను. ఆమె ఆ కాగితం నీ ఫైల్లో పెట్టుకుంది. సాయంత్రం పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలి.

పైకి వచ్చి నీకు మొహం చూపించలేను. మీ వాచ్‌మన్ యాదయ్య నన్ను చూసి, "జర కూసో బిడ్డా, గంత పరేషాన్ ఏంది?" అని తన కుర్చీ ఇచ్చాడు. అందులోనే కూర్చుని రాస్తున్నాను. ఆయనే తెచ్చిస్తాడు.

రేపు విచారణకు నిబ్బరంగా వెళ్లు. ఎవరి పేరూ దాచాల్సిన పని నీకిక లేదు.

నీ అని రాయొచ్చో లేదో తెలియని
భాస్కర్