బడి గేటుకు అడ్డంగా మంచం

బీదర్

అమ్మా, ఓట్లనాడు ఇక్కడ గొడవైందని విని బెంగపడకు, మేమంతా బాగున్నాం. ఊరి పటేలు ఓట్లు వేసే బడి గేటుకు అడ్డంగా మంచం వేసుకుని కూర్చున్నాడు. పెద్దమనిషి ముందునుంచి కోడళ్లు దాటకూడదు కదా! ఆయన నోరు విప్పకుండానే మేమంతా వెనక్కి మళ్లాం. అంతలో మా అత్త బక్కమ్మ కట్టె పట్టుకుని వచ్చింది.

“పెద్దదాన్ని వస్తుంటె కూసునే ఉంటవా బిడ్డా?”

ఆమె ఆయనకు వరసకు మేనత్త, లేవక తప్పలేదు. అత్త ఆ మంచం మీదే కూర్చుని, “ఇగ లోపటికి నడువుండ్రి, కోడండ్లూ!” అంది. నాకిదే మొదటి ఓటు.

కొత్త చింతపండు పంపు. అన్నను హైదరాబాదులో మేస్త్రీ పని ఆపైనా ఓటుకు ఊరికి రమ్మను. అవ్వకు నా దండాలు చెప్పు. సోమవారం మన ఊళ్లో ఓట్లకు ఆమెను ముందు నడిపించు, వెనక నువ్వు నడువు.

నీ బిడ్డ ప్రేమల