ఇవతలి చివర

చిరంజీవి పిట్టకు, నాన్న మనసారా దీవించి రాస్తున్నది.

నేను కులాసా. ఇంటి గోడలు, ముందు గదిలో గడియారం, ఎదురింటి దర్జీ, ఆయన కుట్టుమిషను చప్పుడు, అన్నీ కులాసా. మీ అమ్మ సంగతి ఆ ఒక్క మాటలో ఇమడదు కాబట్టి విడిగా రాస్తాను. నువ్వు వేళకి తింటున్నావనీ, పడుకుంటున్నావనీ అనుకుంటున్నాను.

ముందు శుభవార్త. నిన్న మధ్యాహ్నం మీ అమ్మ నన్ను తిట్టింది! నోరారా తిట్టింది! వారం రోజులుగా ఆ నొప్పి మందు మత్తులో కళ్ళు కూడా సరిగ్గా తెరవని మనిషి, తల ఇటు తిప్పి, నా మొహంలోకి చూసి, మునుపటిలాగే కనుబొమ్మలు ముడిచి తిట్టింది. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదంటే నమ్ము. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాను. దర్జీ మిషను ఆపి చూశాడు.

"ఏం సార్, లాటరీ తగిలిందా?"

"మా ఆవిడ తిట్టిందయ్యా!"

"మా ఆవిడ రోజూ తిడుతుంది. నేనెప్పుడూ ఇలా గంతులేసిన పాపాన పోలేదే!" అన్నాడు. అని, నవ్వుతూ నవ్వుతూనే మొహం అటు తిప్పుకుని, సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టాడు. ఆ దారం ఎంతకీ ఎక్కలేదు.

ఎందుకు తిట్టిందో తర్వాత చెప్తాను తల్లీ. ముందు నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు.

అమ్మ ఏం తింటోందని అడిగావు. అన్నం మానేసి చాలా రోజులైంది. జావ కూడా పోయింది. ఇప్పుడు చెంచాతో నీళ్ళు పెదాల మీద తడుపుతున్నాను. మింగితే సంతోషం, మింగకపోతే గుడ్డతో తుడిచేస్తాను. వీపు పుండు పడకుండా అటూ ఇటూ తిప్పడం ఇంటికొచ్చి చూసే నర్సమ్మ నేర్పింది. మొదట్లో ఎక్కడ పట్టుకోవాలో తెలిసేది కాదు. ఇప్పుడు ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుం కింద పెడితే చాలు, దిండులా తిరిగిపోతుంది. ఎప్పుడూ బరువుగా ఉండే మనిషి. పెళ్ళయిన కొత్తల్లో ఒకసారి ఎత్తుకుని నడుం పట్టేసి మూడు రోజులు మంచం దిగలేదు నేను. ఇప్పుడు అంత తేలిగ్గా తిరుగుతుంటే భయమేస్తోంది.

నా బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. అంటే, మరిచిపోని రోజుల్లో. అలా చూడకు.

అంతకు ముందు ఉత్తరంలో నీ పరిశోధన గురించి విడమరిచి రాశావు చూడు, అది నాలుగుసార్లు చదివాను. ఇంటర్వెల్ అంటే నాకు సినిమా హాల్లో లైట్లు వెలగడమే. నీ పరుగు పిల్లలకి అది ఒక పరుగుకీ ఇంకో పరుగుకీ మధ్య తీసుకునే విరామమని, ఆ విరామం ఎంతసేపుండాలో తేల్చడమే మీ పని అని ఇప్పుడు తెలిసింది. బలం పరుగులో రాదు నాన్నా, ఆగినప్పుడు వస్తుంది అని రాశావు. ఆ మాట మీ అమ్మకి చదివి వినిపించాను. అప్పటికింకా లేచి కూర్చుంటోంది. "అయితే నాకు ఒలింపిక్కుల్లో పతకం ఖాయం. మంచం ఎక్కినప్పట్నుంచీ ఆగే ఉన్నా" అంది.

నీ పద్ధతే పెట్టాం తల్లీ. మంచం నుంచి వంటింటి గుమ్మం దాకా నడక, అక్కడ దర్జీ ఇచ్చిన స్టూలు మీద విరామం, మళ్ళీ మంచం. నేను పక్కన విజిల్ పట్టుకుని కోచ్‌ని. నడిచినంత సేపుకి రెట్టింపు కూర్చోవాలి అనేవాణ్ణి. "నీ మొహం, నాలుగింతలు కూర్చుంటా" అనేది. ఒక రోజు గుమ్మం దాటి, ముందు గది దాటి, వీధి గేటు పట్టుకుని నిలబడింది! వీధిలో వెళ్ళే బస్సుని చూసి, "అదిగో కంట్రోలరూ, నీ బస్సు వెళ్తోంది" అంది. ఆ రోజే నీకు ఆ పెద్ద ఉత్తరం రాశాను కదా, అమ్మ గేటు దాకా నడిచిందహో అని. అది నిజమే. అక్షరం కూడా కల్పించలేదు. కాకపోతే ఆ తర్వాత మళ్ళీ లేవలేదన్న సంగతి రాయలేదు. స్టూలు ఇంకా వంటింటి గుమ్మం దగ్గరే ఉంది. దర్జీ తిరిగి అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

నీ ఉద్యోగంలో ఎడం ఎలా చూసేవాడివి నాన్నా అని అడిగావు, మీ వాళ్ళకి చెప్పాలన్నావు. పెద్ద విద్యేం కాదు. బస్టాండులో కంట్రోలరు చేసేది ఒక్కటే. బస్సుకీ బస్సుకీ మధ్య ఎడం సమంగా ఉంచడం. ముందు బస్సు ఆలస్యమైతే దానికి జనం ఎక్కువై ఇంకా ఆలస్యమవుతుంది, వెనకది ఖాళీగా వచ్చి దాన్ని అంటుకుంటుంది. రెండూ జంటగా వచ్చి వెళ్ళాక గంటసేపు ఒక్కటీ ఉండదు. అందుకని టైము కాగానే విజిల్ ఊదేయాలి. ఎవరు పరుగెత్తుకొస్తున్నా సరే. ఒకరి కోసం ఆపితే తర్వాతి స్టాపుల్లో వందమంది నిలబడాలి. నా ఉద్యోగమంతా ఏ బస్సునీ ఎవరి కోసమూ ఆపలేదు. దానికి నాకు గర్వంగా ఉండేది.

మీ అమ్మని చూసిందీ అలాగే. టిఫిన్ డబ్బా ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చింది, నేను విజిల్ ఊదాను, బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు వచ్చేదాకా నన్ను తిట్టింది. గుండె లేని మనిషంది, చెక్కబొమ్మంది, నీకు పెళ్ళి కాదంది. ఆ చివరి మాట ఆవిడే తప్పని తేల్చింది. ఆ మధ్యలో ఖాళీ టైము లేకపోతే నువ్వు లేవు పిట్టా. ఎప్పుడు కోపమొచ్చినా "నా బస్సు వెళ్ళగొట్టిన మనిషివి" అంటుంది. ఇన్నేళ్ళూ విని విని అది నాకు ముద్దుపేరులా అయిపోయింది.

ఇక నీ బ్రాకెట్ల లెక్క. మీ లెక్కల్లో రెండు అంకెల మధ్య జాగాని కూడా ఇంటర్వెల్ అంటారనీ, దాని హద్దు దగ్గర చదరపు బ్రాకెట్ ఉంటే ఆ అంకె కూడా లోపలిదేననీ, గుండ్రటిదైతే అంకె దాకా వెళ్తాం కానీ దాన్ని తాకమనీ రాశావు. నా చిన్న చదువుకి కూడా అది ఎక్కింది. ఆ కిందే ఇంకో మాట రాశావు. అసలు అంకె ఎక్కడుందో మీకూ తెలియదని, ఇక్కణ్ణుంచి అక్కడిదాకా, ఈ మధ్యలో ఉండొచ్చని మాత్రమే చెప్తారని. వెడల్పుగా చెప్పడంలో సిగ్గు లేదు నాన్నా, మధ్యంతా దాచేసి ఒక్క అంకె చెప్తేనే మోసం అని రాశావు.

అక్కడ చదవడం ఆపేశాను. మంచినీళ్ళు తాగాను.

ఇప్పుడు చెప్తాను, కోప్పడినా పరవాలేదు. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపించేటప్పుడు పెద్ద డాక్టరు గారు మూడు నెలలని మాత్రమే అనలేదు. ఆయన గదిలో మీ అమ్మే అడిగింది, ఎన్నాళ్ళు అని. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "మూడు వారాలు కావచ్చమ్మా, మూడు నెలలు కావచ్చు. ఈ మధ్యలో ఎప్పుడైనా" అన్నారు. నేను ఇంటికొచ్చి నీకు రాసింది అవతలి చివర ఒక్కటే. నీ పరుగు పిల్లల పరీక్షకి అప్పటికి ఇంకా రెండు నెలలుంది, మధ్యలో వదిలేస్తే ఏడాది కష్టం మట్టిలో పోతుందన్నావు. మూడులోంచి రెండు తీస్తే ఒకటి మిగులుతుంది కదా, ఆ ఒక నెలలో అమ్మా కూతుళ్ళు కడుపునిండా మాట్లాడుకుంటారు అని లెక్క కట్టుకున్నాను. ఆ లెక్క నాకు ఎంతో బాగా కనిపించింది. బస్సులు కూడా అలాగే నడిపాను కదా.

నిన్న మీ అమ్మ నిద్రలో ఉందనుకుని, పక్కన కూర్చుని నీ ఉత్తరం పైకి చదువుతున్నాను. గొంతు వినిపిస్తే నిద్రలో కూడా తెలుస్తుందని నర్సమ్మ చెప్పింది. "అమ్మకి మూడు నెలలు టైముందన్నారు కదా నాన్నా, ఇంకో నెలన్నరలో నా పని అయిపోతుంది, అప్పుడు వస్తే చాలు కదా?" అన్న దగ్గరికి వచ్చేసరికి కళ్ళు తెరిచింది.

"ఏమయ్యా కంట్రోలరూ."

ఉత్తరం పక్కన పడేసి ఆవిడ మీదికి వంగాను. "ఏంటే? ఏం కావాలి? నీళ్ళా?"

"డాక్టరు మూడు వారాలని కూడా అన్నాడుగా. అదేమైంది?"

"పిల్ల పని పాడవుతుందని..."

"దాని పని దానికి తెలీదా? రెండు చివరలూ చెప్తే ఎప్పుడు రావాలో అది చూసుకుంటుంది. దాని బదులు నువ్వు లెక్క కట్టేదేంటి, మొండిమొహం!" ఊపిరి అందక కాసేపు ఆగింది. మంచం పక్కన ఆక్సిజన్ యంత్రం, స్టాపులో నిలబెట్టిన బస్సులా గురగురలాడుతోంది. తర్వాత చాలా మెల్లిగా అంది. "నా బస్సు వెళ్ళగొట్టింది చాలదా? దాని బస్సు కూడా వెళ్ళగొడతావా?"

అంతే. మళ్ళీ కళ్ళు మూసుకుంది. నేను వీధిలోకి పరుగెత్తింది అప్పుడే. చూడు నా బుద్ధి! ఆవిడ అన్న మాటకి సిగ్గుతో చచ్చిపోవాలి, నేనేమో ఆవిడ మాట్లాడిందని ఊరంతా చాటాను. రాస్తుంటే ఇప్పటికీ ఆనందంగానే ఉంది తల్లీ. ఏం చేయను? ఆ గొంతు మళ్ళీ విన్నాను.

నిన్నట్నుంచి మళ్ళీ పలకలేదు. ఇవతలి చివర, అంటే ఆ మూడు వారాలు, దాటేసి నాలుగు రోజులైంది. దాటిన రోజు నేను దర్జీకి తీపి పంచిపెట్టాను, ఎందుకో ఆయనకి చెప్పలేదు. ఇప్పుడు మనం ఆ మధ్యలో ఉన్నాం. ఎక్కడున్నామో డాక్టరు గారికీ తెలియదు. నాకు మాత్రం ఒకటి తెలుస్తోంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. బస్సుల మధ్య ఎడం పెరిగితే జనం నా మీదికొచ్చి అరిచేవాళ్ళు. ఇక్కడ అరవడానికి నేనొక్కణ్ణే, ఎవరి మీద అరవాలో తెలియడం లేదు. ఒకటి వెళ్ళాక ఇంకోటి వచ్చేదాకా నేనూ ఊపిరి తీసుకోవడం లేదు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. నీ గొంతు వినగానే "బాగానే ఉందమ్మా" అనేస్తాను. నా నోటి సంగతి నాకు తెలుసు. కాగితం మీదైతే నిజం రాసి కొట్టేయకుండా ఉండగలను. దర్జీ గుడ్డ కొనడానికి రేపు పొద్దున్నే మీ ఊరు వస్తున్నాడు. ఈ ఉత్తరం నేరుగా నీ చేతికే ఇస్తాడు. ఆయన్ని ఏమీ అడక్కు, చెప్పలేడు. ఆయన తిరుగు బస్సుకే బయలుదేరిపో. గుడ్డ కొనడం ఇంకోసారి చూసుకుంటానన్నాడు. అసలు కొనేది ఉందో లేదో నాకు అనుమానమే.

నీ పరుగు పిల్లలకి చెప్పు, కొన్నాళ్ళు విరామం తీసుకోమని. ఏడాది కష్టం పోతే నా పేరు చెప్పి ఏడువు. నేను పడతాను.

ఒక్కరి కోసం కూడా బస్సు ఆపనివాణ్ణి, ఇప్పుడు ఆపగలిగితే ఎంత బాగుండేది పిట్టా. విజిల్ నా చేతిలో లేదు. నువ్వే పరుగెత్తాలి.

ఇట్లు,
గేటు తీసి పెట్టి ఎదురుచూస్తున్న
మీ నాన్న