మన వీధిలో ముప్ఫై

చిరంజీవి పండుకు,

అమ్మ దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వూ ఒంట్లో బాగానే ఉన్నావని, వేళకు తింటున్నావని, రాత్రిళ్ళు కాస్తయినా నిద్ర పడుతోందని అనుకుంటూ మొదలుపెడుతున్నాను.

నీ ఉత్తరం పోయిన వారం అందింది. డ్యూటీ నుంచి వచ్చి, పై అంతస్తు ఎక్కేదాకా ఓపిక పట్టలేక మెట్ల మీదే కూర్చుని చదివాను. భోజనం అయ్యాక మళ్ళీ మొదటినుంచీ చదివాను. అడిగినవాటన్నిటికీ జవాబు చెబుతాను. వరస తప్పితే ఏమీ అనుకోకు. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేక మాటలన్నీ లోపల కుప్పపడి ఉన్నాయి. ఏది ముందు బయటికి వస్తుందో నాకే తెలియదు.

నా నడుం నొప్పి నిజంగానే తగ్గింది. నిన్ను ఊరడించడానికి అంటున్న మాట కాదు. హాస్పిటల్ లాండ్రీలో నన్ను దుప్పట్ల బల్ల దగ్గరి నుంచి తీసి దిండు గలీబుల దగ్గర వేశారు. దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు కావాలి. ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు పట్టుకుని, దులిపి, ఎదురెదురుగా నడిచి వచ్చి కొసలు కలపాలి. ఇన్నేళ్ళూ నాతో జోడీగా పనిచేసినావిడ నీకు గుర్తుంది కదా, నువ్వు పదో తరగతి పాసైతే చేతి గడియారం కొనిచ్చింది. ఆవిడ పొద్దుటి షిఫ్టుకు మార్పించుకుంది. మనవరాలిని సాయంత్రం బడి నుంచి తీసుకురావాలని సూపర్‌వైజరుకు చెప్పిందట. మనవరాలు ఉన్న మాట నిజమే, కాకపోతే ఆ పిల్ల ఇంకా పాకుతోంది. ఆవిడను తప్పుపట్టను. నా ఎదురుగా నిలబడి దుప్పటి పట్టుకుంటే మొహం మొహం చూసుకోవాలి కదా, ఏం మాట్లాడుతుంది పాపం. గలీబులు మడవడానికి ఒక్కదాన్ని చాలు.

నీలం స్వెట్టరు జైలువాళ్ళు తిప్పి పంపేశారు. జేబులు ఉండకూడదట. జేబులు రెండూ విప్పేసి, ఆ చోట అల్లిక సరిచేసి మళ్ళీ పంపుతున్నాను. నీ గది అద్దెకిచ్చానా అని అడిగావు. లేదు. ఎవరైనా అడిగితే ఇద్దునేమో, ఎవరూ అడగలేదు.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. "మన వీధిలో ముప్ఫై బోర్డు పెట్టారన్నావు. ఎవరైనా ముప్ఫైలో వెళ్తున్నారా? ఒక్కణ్ణయినా చూశావా? అందరూ వెళ్ళే వేగమే కదమ్మా నాది" అని రాశావు. ఏదీ దాచకుండా చెప్పమన్నావు.

నీ కారు కింద పడి దర్జీగారు పోయేనాటికి మన వీధిలో వేగం హద్దు యాభై. నువ్వు అరవై దాటావని కోర్టు తేల్చింది. ఆ తర్వాతే పాత బోర్డులు పీకేసి ముప్ఫైవి పాతారు. కొత్తలో అందరూ అత్తగారింట్లో అడుగుపెట్టిన పెళ్ళికూతుళ్ళలా నెమ్మదిగా వెళ్ళారు. దర్జీ దుకాణం ముందు జనం పెట్టిన పూలు ఉన్నంతకాలం ఆ నెమ్మది ఉంది. పూలు ఎండిపోయి, ఊడ్చేవాళ్ళు తీసేశాక మళ్ళీ మామూలే. రెండు పెద్ద రోడ్లకు మన వీధి అడ్డదారి. సిగ్నలు తప్పించుకున్నామన్న సంబరంలో వాళ్ళ కాలు ఎక్కడుంటుందో వాళ్ళకే తెలియదు.

బడి గోడ దగ్గర ఒక పెట్టె కూడా బిగించారు. బండి దగ్గరికి రాగానే దాని వేగం అంకెల్లో పడుతుంది. ముప్ఫై లోపల ఉంటే పచ్చగా నవ్వుమొహం, దాటితే ఎర్రగా మూతి ముడిచిన మొహం. రోజంతా మూతి ముడుచుకునే ఉంటుంది పాపం, ఏ ఘడియలో పెట్టారో. బ్రెడ్డు వ్యానతను మాత్రం సరిగ్గా దాని ముందుకు వచ్చి బ్రేకు వేస్తాడు. నవ్వించి, దాటగానే తొక్కేస్తాడు. కాలేజీ పిల్లలైతే ఎవరు పెద్ద అంకె తెప్పిస్తారని పందేలు. నేను డ్యూటీకి దాని ముందు నుంచే నడిచి వెళ్తాను. నన్ను చూసి నవ్వదు, మూతీ ముడవదు. నడిచేవాళ్ళను అది లెక్కలోకి తీసుకోదట. ఒకరోజు కావాలనే దాని ఎదుట కాసేపు నిలబడ్డాను. నల్లగా, ఖాళీగా ఉండిపోయింది.

కాబట్టి పండూ, నువ్వు అన్నది నిజం. బోర్డును ఎవరూ పట్టించుకోవడం లేదు. నీ వేగం అందరి వేగమే. ఇది చదివితే నీకు కొంచెం తేలిక అనిపిస్తుందేమో. నాకు అనిపించలేదు. కిటికీ దగ్గర కూర్చుని వెళ్ళే ప్రతి కారునూ చూస్తూ, వీడూ అయ్యుండచ్చు, ఈవిడా అయ్యుండచ్చు, అందరినీ వదిలేసి నా కొడుకే ఎందుకు అయ్యాడు అనుకుంటాను. కాసేపటికి ఆ ఆలోచన ఇంకో వైపు తిరుగుతుంది. ఇంతమందిలో ఎవరో ఒకరి కింద పడటానికి దర్జీగారే ఎందుకు అనిపిస్తుంది. ఈ మాట ఎవరితో అనను? వీధిలో వాళ్ళు నన్ను చూసి అవతలి వైపుకు వెళ్ళిపోతారు. నేనేమో దర్జీగారి భార్య కంటబడకుండా చుట్టు తిరిగి వెళ్తాను. దుకాణం ఇప్పుడు ఆవిడే నడుపుతోంది.

వేగం తగ్గేలా వీధికి అడ్డంగా ఎత్తు దిమ్మలు కట్టాలా వద్దా అని పోయిన నెల బళ్ళో మీటింగు పెట్టారు. వెళ్ళకూడదనే అనుకున్నాను. కానీ ఆ రోజు సెలవు. పొద్దుటి నుంచి నోరు విప్పి ఒక్క మాట మాట్లాడలేదని సాయంత్రానికి గుర్తొచ్చింది. కనీసం నలుగురి గొంతులు వినబడతాయి కదా అని వెళ్ళాను. చిన్నపిల్లలు భోంచేసే హాల్లో చిన్నపిల్లల కుర్చీలే వేశారు. పెద్దమనుషులందరూ మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా కూర్చున్నారు. నేను చివరి వరసలో గోడకు ఆనుకున్నాను. నా పక్క రెండు కుర్చీలు ఖాళీగానే ఉండిపోయాయి. దర్జీగారి భార్య ముందు వరసలో ఉంది.

చాలామందికి దిమ్మలు ఇష్టం లేదు. నడుములు విరుగుతాయన్నారు, కార్ల అడుగులు గీరుకుపోతాయన్నారు. రోడ్ల ఆఫీసు నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. అన్నీ ఓపిగ్గా విని, గోడ మీది పెట్టె ఇన్నాళ్ళూ బండి నంబర్లతో సహా రాసుకున్నది చదివింది. వంద బళ్ళలో ఎనభైకి పైగా ముప్ఫై దాటుతున్నాయట. వాటిలో సగానికి పైన బయటివి కావు, ఈ వీధి వాళ్ళవేనట. అందరూ బూట్లు చూసుకుంటూ కూర్చున్నారు.

అప్పుడు నీ పళ్ళకు తీగ కట్టిన డాక్టరు లేచాడు. "మేం కాస్త అటూ ఇటూగా వెళ్తామేమో గానీ చూసుకుని నడుపుతామండీ. ఆ కుర్రాడి సంగతి వేరు. వాడొక్కడు చేసినదానికి మా అందరికీ శిక్షా?" అన్నాడు. కొందరు తలూపారు.

నేను లేచి నిలబడ్డాను. లేవాలని అనుకోలేదు, లేచేశాను. చిన్న కుర్చీ కదా, నడుముకు పట్టుకుని నాతోపాటే లేచింది. దాన్ని ఊడదీసుకోవడానికి కాసేపు పట్టింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"ఆ కుర్రాడు నా కొడుకు" అన్నాను. "వాడూ చూసుకునే నడుపుతాననేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఈ వీధిలో ఎన్నోసార్లు తిప్పాడు. వాడు వేరని నాకెప్పుడూ అనిపించలేదు. అందరిలాగే నడిపాడు. మీరు ఇప్పటికీ వాడిలాగే నడుపుతున్నారు."

ఆ మాట అనేసి కూర్చున్నాను. ఇంజనీరమ్మ చేతులెత్తమంది. దిమ్మలు కట్టాలన్నవాళ్ళే కొద్దిమంది ఎక్కువ వచ్చారు. డాక్టరు ఎత్తలేదు, ఆయన భార్య ఎత్తింది.

బయటికి వస్తుంటే బడి మెట్ల దగ్గర దర్జీగారి భార్య నిలబడి ఉంది. నా కోసమేనని అర్థమైంది. తప్పించుకోవడానికి ఇంకో దారి లేదు. ఇదివరకు నన్ను వదినా అని పిలిచేది. ఈసారి ఏమీ పిలవలేదు.

"మీ లాయరు గుమాస్తా మా దుకాణానికి వచ్చాడు. ఆ రోజు మా ఆయన చూసుకోకుండా రోడ్డు మీదికి దిగాడని, అది మీరు కిటికీలోంచి చూశారని, అప్పీల్లో చెప్పబోతున్నారని అన్నాడు. నిజంగా చూశారా?"

పండూ, ఈ ఉత్తరం అసలు ఈ మాట కోసమే మొదలుపెట్టాను. చుట్టూ తిరిగి ఇక్కడికి రావడానికి ఇంతసేపు పట్టింది. లాయరుగారు నన్ను అబద్ధం చెప్పమని ఏనాడూ అనలేదు. "బాగా గుర్తు తెచ్చుకోండమ్మా, అప్పుడు మీరు కిటికీ దగ్గరే ఉన్నారేమో" అన్నారు. నువ్వూ పోయిన ఉత్తరాల్లో అదే రాశావు, గుర్తు తెచ్చుకో అని. నేను తెచ్చుకోవడానికి ప్రయత్నించాను నాయనా. కిటికీ దగ్గర నిలబడి, అక్కడి నుంచి దుకాణం గుమ్మం కనబడుతుందో లేదో చూసుకున్నాను. కనబడుతుంది. ఆయన గుమ్మంలోంచి వచ్చినట్టు, అటూ ఇటూ చూడకుండా కాలు కింద పెట్టినట్టు ఊహించుకున్నాను. ఊహించుకోగా ఊహించుకోగా చూసినట్టే అనిపించడం మొదలైంది. నువ్వు తొందరగా ఇంటికి వస్తావంటే ఏం గుర్తు రాదు? వచ్చి చెబుతానని లాయరుగారికి కబురు కూడా పంపాను.

కానీ ఆవిడ ఎదురుగా నిలబడి అడిగేసరికి నా నోట నిజమే వచ్చింది. "లేదు, చూడలేదు. లోపల బట్టలు ఆరేస్తున్నాను. చప్పుడు విని వచ్చాను" అన్నాను.

తిడుతుందనుకున్నాను. ఆవిడ ముఖంలో ఉన్న కాస్త ఆశ కూడా పోయినట్టయింది.

"మీరు చూసి ఉంటే బాగుండేదండీ" అంది. "నేనూ చూడలేదు. మెషీను మీద ఉన్నాను. దారం అయిపోయిందని ఆయన్ని పంపింది నేనే. నిజంగానే చూసుకోకుండా దిగాడా, చూసుకునే దిగాడా అని రోజూ అదే ఆలోచన. ఎవరైనా చూసినవాళ్ళుంటే అడిగి తెలుసుకుందామని. మీరు ఏది చెప్పినా నమ్మేదాన్ని."

అంతే. వెళ్ళిపోయింది. నేను ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. నేను ఊహించుకున్న బొమ్మను కోర్టులో చెప్పి ఉంటే, ఆవిడ దాన్ని నిజమని మోసుకుంటూ బతికేది. తన భర్త అజాగ్రత్తగా పోయాడని, తను పంపిన పని మీద పోయాడని, చచ్చేదాకా. నిన్ను ఇంటికి తెచ్చుకోవడానికి ఆవిడ నెత్తిన అది పెట్టలేను నాయనా.

మర్నాడు లాయరుగారి దగ్గరికి వెళ్ళి, నేను ఏమీ చూడలేదని, రానని చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, అలాగైతే అప్పీలులో పెద్దగా ఏమీ మిగలదమ్మా, శిక్ష పూర్తిగా ఉండాల్సి రావచ్చు అన్నారు. ఆయన నీకు చెప్పేలోగా నా చేత్తో రాయాలని రాస్తున్నాను. నా మీద నీకు కోపం రావడం సహజం. ఈ లోకంలో నాకు నువ్వు తప్ప ఎవరున్నారు, నీకూ నేను తప్ప ఎవరున్నారు. ఉన్న ఒక్క మనిషీ ఇలా చేసిందేమిటని అనుకుంటావు. అనుకో. రాయాలనిపిస్తే ఆ కోపమంతా రాసి పంపు, ఎంత పెద్ద ఉత్తరమైనా చదువుతాను.

ఒక్క మాట మాత్రం విను. అందరి వేగమే కదా నాది అన్న మాట నేను కాదనను. హాలు నిండా జనం ముందు నేనే అన్నాను. అది వాళ్ళు వినాల్సిన మాట. నువ్వూ నేనూ మనలో మనం చెప్పుకుని ఊరట పొందాల్సిన మాట కాదు. ఆ రోజు ఆ కారులో ఉన్నది నువ్వు.

దిమ్మలు మొన్న కట్టేశారు. ఒకటి బడి ముందు, ఒకటి దర్జీ దుకాణానికి ఇవతల. ఇప్పుడు అందరూ నెమ్మదిగానే వెళ్తున్నారు. ఇన్నాళ్ళూ మనిషిని చూసి తగ్గనివాళ్ళు కారు అడుగు గీరుకుంటుందని తగ్గుతున్నారు. ఎందుకైతేనేం. బ్రెడ్డు వ్యాను మాత్రం మొదటిరోజు ఎగిరిపడి, వెనక తలుపు తెరుచుకుని, రొట్టెలన్నీ వీధి పాలయ్యాయి. దర్జీగారి భార్య దుకాణంలోంచి వచ్చి అతనితోపాటు ఏరింది. నేనూ కిందికి దిగి కొన్ని ఏరాను. ఇప్పుడు నేను చుట్టు తిరగకుండా ఆ దుకాణం ముందు నుంచే వెళ్తున్నాను. ఆవిడ మెషీను మీద నుంచి తలెత్తి చూస్తుంది, మళ్ళీ తల దించుకుంటుంది. అంతకు మించి నేనూ ఆశించడం లేదు.

వచ్చే ఆదివారం ములాఖత్ ఉంది కదా, మొదటి బస్సుకే బయలుదేరుతాను. నువ్వు కోపంతో బయటికి రానని చెప్పినా అక్కడే ఉంటాను. ఆ గదిలో మనకిచ్చే బల్ల దగ్గర, నీ కుర్చీకి ఎదురుగా కూర్చుంటాను. టైమైపోయింది లేవండమ్మా అని వాళ్ళు చెప్పేదాకా లేవను. ఆ పై ములాఖత్‌కూ అంతే. వస్తే ఏమీ మాట్లాడకపోయినా సరే. వచ్చి కూర్చో.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
అమ్మ