ఇలుంబె పెళ్ళికత్తి

జూన్ 3

తుప్పు పట్టించడానికి నిమ్మరసం ఒక్కటే చాలదక్కా. ఉప్పు కలిపి పూయాలి, తడి బూడిదలో పెట్టాలి, పైన అరటాకు కప్పి పదిహేను రోజులు దాని జోలికి పోకూడదు. మధ్యలో తీసి చూశామా, మచ్చలన్నీ ఒక్కచోటే పడతాయి. కొనేవాడు ఇట్టే పట్టేస్తాడు. మా మేస్త్రి బొకాంబ తాత అంటాడు, కొత్త కత్తి చేయడం ఒక పని, దాన్ని ముసలిదాన్ని చేయడం రెండో పని అని. రెండో పని ఇప్పుడు నాదే.

ఇవన్నీ ఎవడడిగాడ్రా అంటావు. ప్రియమైన అక్కా అని ముందు రాయాలి కదా, మర్చిపోయా. ప్రియమైన అక్కా, నేను లొకులిని. తాత పాత ఫోను నాకిచ్చాడు.

నేను బాగున్నా. ఎంబండాకాలో వానలు తగ్గాయి. లారీ కమాను పట్టీలు దొరుకుతున్నాయి, వాటినే సాగగొట్టి పాతకాలం కత్తులు చేస్తున్నాం. కిన్షాసా నుంచి ఒకాయన వచ్చి హోటళ్ళ గోడలకని పట్టుకెళ్తాడు. అవి కొత్తవేనని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. హోటల్లో చూసేవాళ్ళకి తెలుసో లేదో మరి.

రేవులో చేపలమ్మే ఆవిడ ఒక మాట అంది. నువ్వు బావ ఇంటి నుంచి వచ్చేసి అమ్మ దగ్గరున్నావని. నిజమేనా? ఫోను చేద్దామంటే నాకు మాట రాదు, నీకు తెలుసుగా. అందుకే రాస్తున్నా. అన్నం తింటున్నావా?

నీ తమ్ముడు లొకులి


జూన్ 9

ఒరేయ్ నా బంగారం,

నీకు అక్షరాలు నేర్పినందుకు ఇవాళ తుప్పు మీద పాఠం చదవాల్సొచ్చింది. బాగుంది. ఊరి చివర పెద్ద చెదపుట్ట ఎక్కితేగానీ ఇక్కడ సిగ్నల్ రాదు. నేను ఎక్కుతుంటే అమ్మ కింద నిలబడి తిడుతోంది, ఆరో నెల్లో పుట్టలెక్కుతావా అని.

అవున్రా, ఆరో నెల. అవును, వచ్చేశాను. నీకు చెప్పకూడదని కాదు, ఎలా చెప్పాలో తెలియలేదు.

ముందు ఇద్దరు పిల్లలు కడుపులోనే పోయారు కదా. ఈసారి నిలబడింది. నిలబడ్డాక మా అత్త నలుగురిలో కూర్చుని, ఆ ఇద్దర్నీ నేనే తిన్నానంది. నేను మంత్రగత్తెనట. బావ పక్కనే ఉన్నాడు. వల అల్లుకుంటున్నాడు. తలెత్తలేదు. ఒక్క మాట, ‘ఊరుకో అమ్మా’ అన్నా నేను ఉండిపోయేదాన్ని. అల్లుకుంటూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే దోనె ఎక్కేశాను.

ఇప్పుడు అసలు సంగతి. పెళ్ళప్పుడు వాళ్ళు నాన్న చేతికిచ్చిన కత్తి గుర్తుందా? అది మనింట్లో ఉన్నంతకాలం నేను వాళ్ళ మనిషినే, నాకు పుట్టే బిడ్డా వాళ్ళ బిడ్డే. ఈ బిడ్డ పుట్టేలోపు కత్తి వాళ్ళకి తిరిగి చేరితే బిడ్డ మన ఇంటిది. చేరకపోతే పాలు మరిచాక తీసుకుపోతారు. వాళ్ళ పెద్దాయన ఇఫాసొ కబురు కూడా పెట్టాడు, కత్తి అయినా పంపండి, పిల్లనైనా పంపండి అని.

కత్తి లేదురా. నాన్న పోయాక మేనమామ దాన్ని పాత ఇనుప సామాన్లు కొనేవాడికి అమ్మేశాడట. అడిగితే పైకప్పు వైపు చూస్తాడు.

నువ్వు చేసేవి అలాంటివే కదా. చేయగలవా?

అక్క ఇలుంబె


జూన్ 10

అక్కా,

ముందు కోపమొచ్చింది. తర్వాత తాతకి చెప్పా. నీ సందేశం చదివి వినిపించా, చాలా సేపు పట్టింది.

చేస్తా. కానీ నాకప్పుడు పదకొండేళ్ళు, కత్తిని చూడలేదు, పెళ్ళిలో మేకనే చూశా. ఆకులా ఉండే కత్తే కదా? ఏ ఆకు? తాత అడుగుతున్నాడు. మొనకి ముందు వెడల్పవుతుందా, పిడి దగ్గరా? నడుం సన్నమా? మధ్యలో ఈనె ఒకటా, రెండా? పిడికి రాగి తీగ ఉందా, ఉడుము తోలా? పొడవు ఎంత?

తాత ఏమన్నాడంటే, మీ అక్కకి మొగుడి ముఖం కన్నా కత్తి బాగా గుర్తుంటే మన పని తేలిక అన్నాడు. తప్పుగా అనుకోకు, ఆయన మాట అలాగే ఉంటుంది. కమాను పట్టీ మాత్రం మంచిది ఏరి పక్కన పెట్టాడు.

లొకులి


జూన్ 16

తమ్ముడూ,

మీ తాతకి చెప్పు, రెండూ బాగానే గుర్తున్నాయని.

నా మోచేతి నుంచి వేలి చివరి దాకా పొడవు, ఇంకో బెత్తెడు. పిడి దగ్గర సన్నగా మొదలై, పోనుపోను లావై, చివర ఒక్కసారిగా మొన తేలుతుంది. తమలపాకుని తలకిందులు చేసి లాగినట్టుంటుంది. ఈనె ఒకటే, వేలు పెట్టి రాస్తే తగులుతుంది. దానికి అటూ ఇటూ సన్న గీతలు, మూడేసి. పిడికి రాగి తీగ, చివర గుండ్రటి చెక్క. నాన్న దాన్ని రెండు చేతుల్తో అందుకుని బరువు చూశాడు, చూసి నవ్వాడు. అంతవరకే చూశాను. ఆ సాయంత్రమే నన్ను దోనె ఎక్కించారు.

మేనమామ వెళ్ళడు. వెళ్ళడానికి ఆయనకి ముఖం లేదు. మనింట్లో ఇంకో మగమనిషివి నువ్వే. నువ్వే తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టాలిరా.

నిన్న గోంగూర, ఎండు చేప వండింది అమ్మ. రెండు కర్రపెండలం చిక్వాంగ్ ముద్దలు తిన్నాను. కాబట్టి తింటున్నానా అని అడగకు.

నీ అక్క


జూలై 19

ప్రియమైన అక్కా,

అయింది.

మొదటిది నడుం దగ్గర పగిలింది. రెండోది బాగానే వచ్చిందిగానీ ఈనె వంకర. మూడోది చూసి తాత, పిడికి చుట్టమని రాగి తీగ నా చేతికిచ్చాడు. తీగ ఇచ్చాడంటే బాగుందని. గీతలు మూడేసి నేనే చెక్కా. పదిహేను రోజులు కాదు, ఇరవై రోజులు బూడిదలో పెట్టా. చెయ్యి పెడితే ఎర్రగా అంటుకుంటోంది. ఎవరైనా చూస్తే మా ముత్తాత కత్తి అనాల్సిందే. కిన్షాసా ఆయన చూసి, అదెంత అన్నాడు. అమ్మేది కాదని తాత చెప్పాడు.

పడవ నడిపే ఎటుంబతో పంపించా. నమ్మకమైనవాడు, రుకి నదిలో బావ వాళ్ళ ఊరి మీదుగానే వెళ్తాడు. ఇక్కడ పని ఎక్కువగా ఉంది, నేను కదలడానికి లేదు. పైగా నేనెళ్ళినా ఏం మాట్లాడతాను చెప్పు. అంతమంది ముందు నాకు నోరు రాదు. ఎటుంబ బాగా మాట్లాడతాడు.

ఇంక భయం లేదు.

నీ లొకులి


ఆగస్టు 14

లొకులీ,

నీ కత్తి తిరిగొచ్చింది. ఎటుంబ మనూరు వెళ్ళే మనిషి చేత నాకు పంపించాడు. గోనెసంచిలోంచి తీయనన్నా తీయలేదు నేను.

ఏం జరిగిందో ఆ మనిషే చెప్పాడు, ఎటుంబ అన్నట్టే. ఇఫాసొ కత్తిని ఎండలోకి పట్టుకుని తిప్పి చూశాడట. చూసి, ‘ఇది ఏ ఇంట్లో ఉంది? చెరువులోనా?’ అన్నాడట. ఎటుంబ ఏదో సర్దబోతే, ‘నాయనా, పెళ్ళికత్తిని ఇంట్లో పెట్టుకున్నవాడు ప్రతి ఎండాకాలం ఎర్ర పామాయిలు పెట్టి తుడుస్తాడు. ముఖం కనపడాలి అందులో. తుప్పు పట్టనిచ్చాడంటే మా ఇంటి పేరు మీద ఉమ్మినట్టు. ఇది మాది కాదు, మాదే అయితే ఇంకా తప్పు’ అన్నాడట.

నాకు తెలియదురా. పెళ్ళి రోజు తప్ప ఆ కత్తిని నేను చూడనేలేదు. నువ్వు హోటలు గోడకి చేసినట్టు చేశావు. దానికి నిన్నేమీ అనను.

రెండో మాటకి అంటాను. ‘వాళ్ళింటి పిల్లని వెనక్కి తీసుకోడానికి పడవవాడు వచ్చాడేం? ఆ ఇంట్లో నోరున్న మనిషి లేడా?’ అని అడిగాడట. అందరూ నవ్వారట. బావ అక్కడే ఉన్నాడట, వల చేతిలో పెట్టుకుని. ఒక్క మాట లేదు.

మీ ఇద్దరూ ఒకటే. మీకు నోరు తినడానికిచ్చాడు దేవుడు. ఆయన ఊరుకున్నాడని వచ్చేసినదాన్ని, నువ్వు ఊరుకుంటే ఎక్కడికి పోను?

నాకు ఇంక నెలన్నర లేదు.

ఇలుంబె


ఆగస్టు 15

అక్కా,

తిట్టకు. కత్తిని మళ్ళీ ఎటుంబ పడవకి పంపించు. రేవులో నేను ఎక్కుతా.

తాత సెలవిచ్చాడు, ఆకురాయి కూడా ఇచ్చాడు. అక్కడ నోరు రాకపోతే చేతులున్నాయిగా, వాటినే మాట్లాడించమన్నాడు. అది ఎలాగో చెప్పలేదు.

లొకులి


ఆగస్టు 17

నా బంగారుకొండా,

కత్తి పంపించాను. మొన్న రాసిన మాటలకి నిద్ర పట్టలేదు. కొన్ని మాత్రం వెనక్కి తీసుకోను.

పెద్దాయన కూర్చున్నాకే నువ్వు కూర్చో. ముందు నాన్న పేరు చెప్పు, తర్వాత నీ పేరు. ఆ తర్వాత ఇంతే: ‘మా పిల్లను మేం తీసుకున్నాం, మీ ఇనుము మీకు తెచ్చాం.’ పెద్ద ఉపన్యాసం ఎవరూ అడగలేదు. దారిలో రోజూ పైకి అనుకుంటూ వెళ్ళు. పడవలో వాళ్ళు పిచ్చోడనుకుంటే అనుకోనీ.

అత్త ఏం పెట్టినా తిను. వద్దంటే, తను తిండిలో మంత్రం పెట్టిందని భయపడ్డాడంటుంది.

అక్క


సెప్టెంబరు 2

ప్రియమైన అక్కా,

తిరిగొస్తూ ఇంగెండె రేవులో పడవ కోసం కూర్చుని రాస్తున్నా. ఇంతవరకు సిగ్నల్ లేదు. పెద్ద సందేశం, పుట్ట మీద కూర్చుని చదువు, నిలబడి చదవకు.

మొదటి రోజు నోరు రాలేదు. నాన్న పేరు చెప్పా, నా పేరు దగ్గర ఆగిపోయింది. పిల్లలు నవ్వారు. ఇఫాసొ వాళ్ళని కసిరి, ‘మాకు తొందరేం లేదు, నువ్వు నీళ్ళు తాగు’ అన్నాడు. తాగి, ఒక్క ఊపిరిలో చెప్పేశా. మా పిల్లను మేం తీసుకున్నాం, మీ ఇనుము మీకు తెచ్చాం అని. అక్కడితో ఆపమన్నావు. ఆపలేకపోయా. ‘ఇది మీది కాదు, మీది మా మేనమామ అమ్మేశాడు, ఇది నేను చేశా, తుప్పు కూడా నేనే పట్టించా’ అని అది కూడా వచ్చేసింది.

 ఇంక అయిపోయింది అనుకున్నా.

ఇఫాసొ మూతి తుడుచుకుని, ‘అమ్మేశారని మాకు నాలుగేళ్ళ నుంచి తెలుసు. కొన్నవాడు తిన్నగా మా ఊరే వచ్చి మా కత్తిని మాకే బేరం పెట్టాడు’ అన్నాడు. అప్పుడు పెద్దవాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వా, ఎందుకో తెలియదు. ‘ఇనుము పోతే ఇనుము వస్తుంది. మీ మేనమామ వచ్చి, కత్తి పోయిందని చెప్పి ఉంటే అప్పుడే ఇంకోటి ఒప్పుకునేవాళ్ళం. మనిషి రాలేదనే మా కోపం. ఇప్పుడొచ్చావు. కానీ ఈ కుష్ఠుదాన్ని నా చేతిలో పెట్టకు. శుభ్రం చెయ్యి, ఇక్కడే, అందరూ చూస్తుండగా’ అన్నాడు.

మూడు రోజులు పట్టిందక్కా. ఇరవై రోజులు పట్టించిన తుప్పుని ఇసుకా కొబ్బరిపీచూ పెట్టి వాళ్ళ వాకిట్లో కూర్చుని రుద్దా. ఊళ్ళో ప్రతివాడూ వచ్చి చూసి ఒక మాట అనేసి పోయాడు. ఒక ముసలామె, ‘ముందు మురికి చేసి తర్వాత కడుక్కునే జాతి ఏంట్రా మీది’ అంది. ఇంకో గుప్పెడు ఇసుక తీసుకుని రుద్దా.

మీ అత్త నాకు అన్నీ వేయించి పెట్టింది. అన్నీ తిన్నా. నీ గురించి ఒక్కసారీ అడగలేదు. కానీ మొదటి రోజు కన్నా మూడో రోజు చేప పెద్దది.

రెండో రోజు మీ అత్త పొలానికెళ్ళింది. బావ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. కత్తి మొన వైపు పట్టుకున్నాడు, కదలకుండా ఉంటుందని. చాలాసేపు నేను రుద్దా, ఆయన పట్టుకున్నాడు. తర్వాత, ‘తింటోందా?’ అన్నాడు. తింటోంది అన్నా. కత్తి తిప్పి రెండో వైపు మొదలుపెట్టా. తర్వాత అన్నాడు, ఎలా అన్నాడో అలాగే రాస్తున్నా. ‘ఆ రోజు మా అమ్మ అన్నది అబద్ధమని నాకు తెలుసు. ఆ పిల్లల కోసం మీ అక్క ఎంత ఏడ్చిందో నేనొక్కణ్ణే చూశా. చూసి కూడా వల అల్లుకుంటూ కూర్చున్నా. నా తప్పు’ అని.

నేను రుద్దడం ఆపేశా. ‘ఇది మా అక్కకి చెప్పాలి, నాకెందుకు’ అన్నా. నిజంగా అన్నానక్కా, నా నోటితోనే. ఆయన మొన మళ్ళీ గట్టిగా పట్టుకున్నాడు. దారిలో మీ అత్త గంప కనపడగానే లేచి వెళ్ళిపోయాడు.

మూడో రోజు ఇఫాసొ కత్తిలో ముఖం చూసుకున్నాడు, పళ్ళు కూడా చూసుకున్నాడు. బాగుందన్నాడు. ఊరందరి ముందు రెండు చేతుల్తో తీసుకుని చెప్పాడు, ఇలుంబె ఆ ఇంటి మనిషి, పుట్టే బిడ్డ ఆ ఇంటి బిడ్డ అని. అయిపోయిందక్కా. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఇంక నిన్నుగానీ బిడ్డనుగానీ ఎవరూ అడగరు.

అప్పుడు బావ అక్కడే ఉన్నాడు. మీ అత్తా ఉంది. నాతో చెప్పింది ఇప్పుడు గట్టిగా అంటాడేమోనని చూశా. అనలేదు. నన్ను దోనెలో ఇక్కడి దాకా తనే దింపాడు. నీకు చెప్పమనలేదు, చెప్పొద్దనీ అనలేదు. అమ్మ ఊరికి ఈ రోజుల్లో దోనె ఏ దారిలో పోతుందని మాత్రం అడిగాడు. చెప్పా.

పడవ కనపడుతోంది. ఒకటి అడుగుతా, నాకు తెలియట్లేదు. నలుగురిలో ఊరుకున్నాడని కదా నువ్వు వచ్చేశావు. ఇప్పుడు చెప్పాడు, కానీ నాకొక్కడికే, మెల్లగా, వాళ్ళమ్మ లేనప్పుడు. అలా చెప్పింది చెప్పినట్టేనా అక్కా?

నీ తమ్ముడు లొకులి