వాకిటి గడ్డలు, పెరటి గడ్డలు

రాయగడ,
19 జూన్ 1966

చెల్లెలు పుష్పకుమారికి,

ప్రభువు కృప నీకు తోడుగా ఉండాలని, అమ్మ బతికుంటే మొదటి వాక్యంగా రాయించేది. అది ఆమె తరఫున. క్షేమమా అన్నది నా తరఫున.

ముందు వార్త. వాన పడింది. తొలి వానకు పూసే అమ్మ లిల్లీ గడ్డలు బతికే ఉన్నాయి. ఊపిరి పీల్చుకో, నేనిప్పుడే పీల్చుకున్నాను.

పద్మపూర్ ఆసుపత్రి డ్యూటీలోంచి మార్చిలో నువ్వు రాసిన కార్డు నా బల్ల మీదే ఉంది. నాలుగే వాక్యాలు. ఆ గడ్డలు పోతే ఆ ఇంట్లో నాకింకేముంది, రాను అన్నది చివరిది. తోడబుట్టినవాడి కంటే ఉల్లిపాయంత గడ్డ ఎక్కువా అని మండిపోయాను. మూడు నెలలు జవాబు రాయలేదు. కోపం ఒక్కటే కాదు, రాయడానికి మంచి కబురు లేదు.

నా వాదన మాత్రం ఇవాళ్టికీ మార్చుకోను. వీధికంతటికీ ఒక్క కుళాయి, రోజుకు గంటసేపు నీళ్ళు. ఒక ఆఫీసరుగారి బంగళాలో గులాబీలకేమో ట్యాంకరు! దాని మీద నేను కరపత్రం వేసి పంచుతుంటే, నువ్వొచ్చి అమ్మ గడ్డలకు రోజూ ఓ చెంబెడు పొయ్యన్నయ్యా అంటావా? బిందెలతో నిలబడ్డ జనం ముందు నన్నేమనమంటావు? పువ్వుకు ఒక్క చుక్క పొయ్యను అన్నాను. అమ్మను సమాధి చేసి నెల కాలేదు, గొంతు తగ్గించి అనాల్సింది. నువ్వు పెట్టె సర్దుకుని బస్సెక్కేశావు.

ఏప్రిల్లో, కుళాయికి వచ్చేవాళ్ళు బిందెలు దించుకుంటారని వాకిట్లో బండలు పరిపించాను. అక్కడి వరుస గడ్డలు తవ్వి గోడవతల పారేశాను. ఆకు లేదు, పైన ఎండు పొర తప్ప ఏమీ లేదు. చచ్చాయనుకున్నాను. పెరటి వరుస జోలికి పోలేదు.

మంగళవారం వాన కురిసింది. గురువారం పొద్దున్న పెరట్లో చూస్తే ఒక్క మొగ్గ లేదు. మట్టి తీసి చూశాను. ఏమీ మిగల్లేదు. ఈ ఏటి ఎండలు అలాంటివి. ఆ సంగతే నీకు రాద్దామని కాగితం ముందేసుకున్నాను. అప్పుడే మన వీధి ఊడ్చే గురమ్మ గోడ మీంచి కేకేసింది. "మేస్టారు బాబూ, కాగితాలట్టుకుని ఏటి కూకున్నావు? ఇలగొచ్చి సూడు!"

వెళ్ళాను. ఆమె గుమ్మం పక్కన, పగిలిన కుండల్లో, పదకొండు పూలు! అదే గులాబి రంగు. పార్వతీపురం నుంచి అమ్మ కొంగున మూటగట్టి తెచ్చినవే. చేతిలో కలంతోనే వంగి, రెండుసార్లు లెక్కపెట్టాను.

నేను పారేసినవే ఏరి పెట్టిందట. నీళ్ళెక్కడివని అడిగాను. "తాగడానికే నేవు, పూలకేటి పోస్తాం? ఊరికే మట్టి కప్పీసినాను. సచ్చిపోయినోటికీ తొంగున్నోటికీ తేడా తెల్దేటి, సదుంకున్నోడివి!" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అమ్మ పోయాక నేనూ నవ్వడం అదే మొదలు.

నీకు పంపుతానని ఆరు గడ్డలు అడిగాను. ఇవ్వనంది. "నీ సెల్లెలమ్మి వస్తే ఆయమ్మి సేతికిస్తాను. నీకిస్తే మల్లీ ఏదో ఉపన్యాసం సెప్పి గోడవతల ఇసిరీగలవు."

కాబట్టి శెలవు పెట్టుకుని రా. పోట్లాడటానికైనా సరే, రా.

నీ అన్నయ్య,
ఎలీయాజరు

తా.క. పెరటివి ఎండకు పోలేదు. కుళ్ళిపోయాయి. మట్టి తీస్తే వేలికి జిగురు, కంపు. నువ్వు వెళ్ళిన మర్నాటి నుంచీ తలుపు వేసుకుని, నా స్నానం నీళ్ళలోంచి రోజూ ఓ చెంబెడు వాటికి పోశాను. నీ మాట విన్నందుకే అవి పోయాయని వాదించగలను గానీ, వాదించను. గురమ్మకు చెప్పేశాను. ఆమెకు ముందే తెలుసట, గోడకు చిల్లుంది. మరి పొయ్యొద్దని చెప్పలేదేమని నిలదీశాను. "అమ్మ మీద బెంగతో పోసుకుంతన్నావనుకున్నాను బాబూ. అయినా, సెప్తే ఇంటావేటి?" అంది.