కాపరులు ఎక్కడినుంచి వచ్చారు

ఏప్రిల్ 21, 1998. ఆత్మకూరు

సాయంత్రం బ్యాచ్ వెళ్లిపోయాక మళ్లీ ఆట. కంప్యూటర్ సెంటర్లో రంగుల మానిటర్ ఒక్కటే. నాతోపాటు ఇక్కడ పాఠాలు చెప్పే రమణ, నేను ఒకే బెంచీ మీద ఇరుక్కుని. కొండ మీద ఆ ఎనిమిది మంది కాపరులు అలాగే నిలబడి ఉన్నారు. మేఘాలు వాళ్ల మోకాళ్ల దాకే. ఆటలో వానా వాళ్లదే, కరువూ వాళ్లదే. ఎక్కడినుంచి వచ్చారో మాత్రం ఎక్కడా చెప్పరు. ఎవరో కాపీ చేసిచ్చిన సీడీ... అడగడానికి మనిషి లేడు.

నక్షత్రం నుంచి ఊడిపడ్డారంటాడు రమణ. నేను ఒప్పుకోను.

ఏప్రిల్ 23

దొరికింది. మూడో కాపరి కాలికి చెప్పు ఉంది. అరిగిపోయిన చెప్పు. దేవుడికి చెప్పు ఎందుకు అరుగుతుంది? వాళ్లు మనుషులే. కింద ఊళ్లవాళ్లు కరువుకు భయపడి, వాళ్లకు కూడు మోసి, మొక్కి... భయపడ్డకొద్దీ వాళ్లు పెరిగారు.

బొమ్మ వేసినవాడి పొరపాటు అని కొట్టిపారేశాడు రమణ. ఒళ్లు మండింది.

ఏప్రిల్ 26, ఆదివారం

ఉదయగిరిలో, మా ఊరి సండే స్కూల్లో ఈ వారం నేను చెప్పాల్సింది బైబిల్లోని మహాకాయుడు గొల్యాతు పాఠం. వాడి ఎత్తు దగ్గర మొదలుపెట్టి కాపరుల్లోకి వెళ్లిపోయాను. ఆట అని చెప్పనే లేదు. పిల్లలు కదల్లేదు. శాంతమ్మవ్వ మనవరాలు కరుణ చాప మీద మోకాళ్లతో ముందుకు జరుగుతూ వచ్చింది. ఊళ్లవాళ్లు భయపడడం మానుకుంటే ఏమవుతుందని అడిగింది.

"చిన్నోళ్లయిపోతారు" అన్నాను.

అప్పటిదాకా నాకే తోచని మాట. బస్సులో ఆత్మకూరు దాకా అదే సంతోషం.

ఏప్రిల్ 29

రమణకు చెప్పాను. ఈసారి నవ్వలేదు. వాళ్ల ఎత్తు ఆటలోనే కొలిచి చూద్దాం అన్నాడు.

మే 3, ఆదివారం

రాయడానికి చేయి రావడం లేదు.

ఆరాధనలో బైబిలు వాక్యాలు కంఠతా చెప్పిన పిల్లలకు బహుమతులు. కరుణ కీర్తన మొత్తం తడబడకుండా అప్పజెప్పింది. దేవునికి భయపడే పిల్ల అని పాస్టరుగారు తల నిమిరారు. ఆ మాట మీదే అడిగేసింది:

"మనం భయపడడం మానుకుంటే దేవుడు చిన్నగా అయిపోతాడా అయ్యగారూ?"

పాస్టరుగారు చేయి వెనక్కి తీసుకున్నారు. ఎవరు నేర్పారని అడిగారు. దానియేలన్న, అంది.

నాయన లేచాడు. సంఘ పెద్ద, హెడ్మాస్టరుగా రిటైరైనవాడు. "మావోడు అట్టాంటివి చెప్పడు" అన్నాడు. అందరూ నావైపు.

"నేను చెప్పలా" అన్నాను.

అది ఆట కథ అని ఒక్క మాట అంటే సరిపోయేది — అదీ రాలేదు. శాంతమ్మవ్వ అక్కడే దాని వీపు మీద చరిచింది. అబద్ధమాడానని కరుణ చేత అందరి ముందూ చెప్పించారు. తనకు రావాల్సిన రంగు పెన్సిళ్ల డబ్బా ఇంకో పిల్లకు పోయింది. కరుణ ఏడవలేదు. నావైపు చూసింది. కోపంగా కాదు... తనే తప్పుగా విన్నదేమో అన్నట్టు.

మే 4

క్లాసులో పిల్లలు లేచి నమస్తే సార్ అంటే తల వంచుకున్నాను.

మే 6

రమణ ఆట ముగించాడు. చివరికి కూడా చెప్పలేదట, కాపరులెవరో. కొలిచాడు కూడా. ఊళ్లు భయంతో ఉన్నా, నెమ్మదిగా ఉన్నా వాళ్ల ఎత్తు ఒకటే. "నువ్వనింది తప్పురా" అన్నాడు, స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా.

తప్పు. ఆ తప్పు మాట కోసం ఒక పిల్లను అబద్ధాలకోరును చేశాను. పిల్లలు నోరు తెరుచుకుని వినాలి, అంతే కదా నాకు కావాల్సింది.

మే 9. ఉదయగిరి

శాంతమ్మవ్వ ఇంటికి వెళ్లాను, నిజం చెప్పేద్దామనే. అవ్వ మంచం వాల్చి కూర్చోబెట్టింది. క్షమించమని నన్నే అడిగింది. "దీని అమ్మా నాయనా బెంగుళూరు పనికి పోయినారు. నేను అదుపులో పెట్టుకోలేకపోతిని నాయనా" అంది. కరుణ చేత మజ్జిగ ఇప్పించింది. తాగాను. మజ్జిగ బాగుందన్నాను.

అవ్వ గ్లాసు కడగడానికి వెళ్లినప్పుడు కరుణ దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"మరి నువ్వు చెప్పింది ఏందన్నా?"

నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అవ్వ రావడం చూసి లేచి వచ్చేశాను.

ఇంటికొస్తే నాయన వాకిట్లో. ఎక్కడికి వెళ్లావని అడగలేదు.

"నువ్వు చెప్పినావని నాకు తెలుసురా. వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఆ కాపరుల గోలేగదా" అన్నాడు. "ఆ పొద్దు నేను లేచింది నీకోసం గాదు. నా మర్యాద కోసం."

అన్నానికి పిలిస్తే రాలేదు.

మే 10, ఆదివారం

కరుణ వచ్చింది. వెనక వరసలో, అవ్వ పక్కన.

అందరి ముందూ తమ మనసులోది సాక్ష్యంగా చెప్పేవారుంటే లేవమన్నారు పాస్టరుగారు. లేచాను. ఈసారి చెప్పేద్దామనే. నాయన తల తిప్పి చూశాడు. ఎంతసేపు నిలబడ్డానో... పాట అందుకోవడానికి లేచాననుకున్నారు పాస్టరుగారు. ఎప్పుడూ అందుకునేది నేనే మరి. పాటల పుస్తకం నా చేతిలో పెట్టారు.

పాడాను.

అందరూ గొంతు కలిపారు. వెనకనుంచి కరుణ కూడా.

నాయన పాడలేదు.