పక్కింటి వైపు కిటికీ మూయించకండి

ఏమండీ,

అత్తయ్యను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఇల్లంతా సిమెంటు దుమ్ముగా ఉందని అన్నం, పప్పు మన గదిలో మంచం కింద మూతపెట్టి ఉంచాను. వంటింట్లో గచ్చు ఇంకా పచ్చిగా ఉంది, పరిచిన చెక్క మీదే నడవండి. కొత్త గోడను ఒకసారి తడపండి.

మీరు తినే వేళకు మేస్త్రీ శివయ్య వచ్చి వంటింటి కిటికీకి ఇటుకలు పెడతాడు. నేను వద్దంటే, "సారు మూసెయ్యమన్నడమ్మా, ఆడ అల్మారా వస్తది" అన్నాడు. నన్ను ఒక్కమాట అడగలేదు మీరు. నాకు ఆ అల్మారా అక్కర్లేదు. దయచేసి ఆపించండి.

మీకు దుకాణం ఉంది, అత్తయ్యకు టీవీ ఉంది. మధ్యాహ్నం తినడానికి వచ్చినా మీ చెవి నుంచి ఫోను దిగదు. పగలంతా నాతో మాట్లాడేది ఆ కిటికీలోంచి పక్కింటి స్వరూప ఒక్కతే. నా గిన్నెల చప్పుడు వినబడకపోతే చాలు, "ఏంది వదినా, సప్పుడే లేదు, పాణం మంచిగ లేదా?" అని పిలుస్తుంది. పోయిన నెల నాకు జ్వరమని ఈ ఇంట్లో వాళ్లకంటే ముందు ఆమెకే తెలిసింది.

ఇదంతా ఫోనులో చెబితే "గిరాకీ ఉంది, తర్వాత" అంటారని రాశాను.

సుకన్య

కిటికీలో ఉన్న స్టీలు గిన్నె స్వరూపది. ఖాళీగా ఇవ్వకూడదని చింతకాయ పచ్చడి పెట్టాను. వాకిట్లోంచి కాదు, కిటికీలోంచే ఇవ్వండి. పొద్దున ఆమె ఇంట్లో లేదు, నేను వెళ్తున్నట్టు చెప్పడం కుదరలేదు. చప్పుడు లేదని పిలుస్తుంది. పలకండి.